ఏడు వాట్ల హత్య

గిద్దలూరు స్టేషన్. ఉదయం ఏడు గంటల పది నిమిషాలు.

గుంటూరు వైపు నుంచి వచ్చిన బండి దిగి, ప్రకాశరావు గుడ్డసంచిని చంకలో ఇరికించుకుని టీ తాగుతున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. మార్కాపురం బయట ఉన్న చిప్ టెస్టింగ్ ప్లాంటులో సీనియర్ ఇంజనీరు. రాత్రంతా నిద్ర లేక కళ్లు ఎర్రబడ్డాయి. లేకపోతే, ఫ్లాస్కుతో వచ్చి టీ పోసినవాడు డబ్బులు అడక్కుండానే వెళ్లిపోవడం గమనించి ఉండేవాడు.

మూడో గుక్కకు కప్పు చేతిలోంచి జారింది. ఐదో నిమిషానికి ప్రాణం పోయింది.

స్టేషన్ వెనక, రైలు సిబ్బంది విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూములో ఆయన కొడుకు రాజేష్ గడ్డం గీసుకుంటున్నాడు. లోకో పైలట్. సాయంత్రం నాలుగున్నరకు నల్లమల ఘాట్లో ఒక ట్రయల్ రైలు నడపాలి. తండ్రి తనను చూడడానికి వస్తున్నాడని అతనికి తెలుసు. వచ్చాడని తెలీదు. రెండు వందల గజాల దూరంలో తండ్రి శవాన్ని ఎవరో గుర్తు తెలియని ప్రయాణికుడంటూ స్ట్రెచర్ మీద మోసుకుపోతున్నారనీ తెలీదు. తెలియనివ్వొద్దని కాసేపటికే ఢిల్లీ నుంచి ఆర్డర్ వచ్చింది.

*

మార్కాపురంలో శ్రీరాములును అందరూ పలకల వ్యాపారి అనుకుంటారు. అలా అనుకోవాలనే ఈ నిఘా విభాగం అధికారి పదేళ్లుగా పలకలు అమ్ముతున్నాడు. గోడౌన్ వెనక గదిలో, పలకల కట్టల మధ్య, తొమ్మిది గంటలకు బ్రీఫింగ్ మొదలైంది.

"కూర్చో ఝాన్సీ."

"నిలబడే వింటాను సార్."

"కోపంగా ఉన్నావా?"

"ఉన్నాను. కొడుకుకు చెప్పకుండా తండ్రి శవాన్ని దాచమన్నది ఎవరు?"

"పైవాళ్లు. చెబితే ట్రయల్ ఆగిపోతుందట. ముఖ్య అతిథులు బయల్దేరారట."

ఏజెంట్ ఝాన్సీ చేతులు కట్టుకుంది. ముప్పై నాలుగేళ్ల వయసులో పదకొండు మిషన్లు చేసిన మనిషి. కంభం దగ్గర పల్లెలో గొర్రెల కాపరుల ఇంట పుట్టింది. కోపం వస్తే మాట తగ్గిపోతుంది. అది తెలిసిన శ్రీరాములు తొందరగా అసలు విషయానికి వచ్చాడు. ప్రకాశరావు సంచిలో దొరికిన పలకను బల్ల మీద పెట్టాడు. పలక మీద బలపంతో రెండు వరసలు.

0101101001
0000011111

మొదటి వరస కింద 'ఇది కాలుస్తుంది' అని, రెండో వరస కింద 'ఇది కాల్చదు' అని రాసి ఉంది.

"కంప్యూటర్లు పక్కన పెట్టుకుని పలక మీద రాశాడేంటి సార్?"

"పలకను ఎవడూ హ్యాక్ చేయలేడని ఆయన నమ్మకం. కుర్ర ఇంజనీర్లకు కూడా దీని మీదే చెప్పేవాడు. విను. చిప్‌ను పరీక్షించాలంటే దాని కడుపులోకి లక్షల సున్నాలు, ఒకట్లు వరసగా తోస్తారు. సున్నా పక్కన ఒకటి వచ్చినప్పుడల్లా లోపల ఒక స్విచ్ అటూ ఇటూ మారుతుంది. మారిన ప్రతిసారీ కరెంటు తింటుంది, వేడెక్కుతుంది. రైలు బ్రేకుల కోసం మనవాళ్లు చేసిన ఈ ఆర్-40 చిప్ మామూలు పనిలో రెండు వాట్లు తింటుంది. పరీక్షలో ఎంత తింటుందో తెలుసా?"

"చెప్పండి."

"ఏడు. పరీక్షే దాన్ని కాల్చేస్తుంది. ప్రకాశరావు దీనికి మందు కనిపెట్టాడు. ఆ వరసల్లో సగానికి పైగా గడుల్లో ఏ అంకె ఉన్నా పరీక్షకు ఒకటే. ఆ గడుల్లో పక్కనున్న అంకెనే నింపాడు. సున్నాల పక్కన సున్నాలు, ఒకట్ల పక్కన ఒకట్లు. పరీక్ష అదే, ఫలితం అదే, కరెంటు మాత్రం రెండున్నర వాట్లకు దిగింది."

"మరి ఇంకేం?"

"ఆ ఫైలును ఎవడో మార్చేశాడు. కావాలనే గజిబిజిగా నింపాడు, పైగా స్పీడు పెంచాడు. చిప్ లోపల కమిలిపోతుంది, అయినా పాసవుతుంది. పాసయిన చిప్ రైలెక్కుతుంది. ఎక్కాక ఎప్పుడు చస్తుందో ఎవడికీ తెలీదు."

దీని వెనకున్నది సెవెన్ లాంప్స్ అనే విదేశీ ముఠా. బ్రేకుల చిప్‌లు అమ్ముకునే కంపెనీలకు కిరాయి పని చేస్తుంది. మన చిప్ మొదటి రోజే, అందరూ చూస్తుండగా, ఘాట్లో ఫెయిలవ్వాలి. ఆ తర్వాత ఇరవై ఏళ్లు వాళ్ల చిప్పే కొనాలి. రైల్లో ఉన్న తొంభై మంది స్టాఫ్, ఇంజన్లో ఉన్న రాజేష్ వాళ్ల లెక్కలో మనుషులు కాదు, ప్రకటన ఖర్చు.

"ప్రకాశరావు పైకి రాయలేదా?"

"జనవరిలో ఒక ఉత్తరం, మార్చిలో ఒకటి, మేలో ఒకటి. జవాబు లేదు. ఇక లాభం లేదని కొడుకుకే చెబుదామని బండెక్కాడు."

ఝాన్సీ పలకను తన సంచిలో పెట్టుకుంది. మూడు ఉత్తరాలు. ఏసీ గదుల్లో కూర్చుని మూడు కవర్లు చించలేని చేతులు ఎందుకు?

"నా పని?"

"మంచి చిప్‌లు, కాలిన చిప్‌లు కలిపేశారు. చూడ్డానికి ఒకటే, రిపోర్టులో ఒకటే. ట్రయల్ ఇంజన్లో పెట్టినది కాలిందే అని రుజువు కావాలి. రుజువు లేకుండా రైలు ఆపరట. ప్లాంటులో మన మనిషి ఒకతి ఉంది, కేథరిన్. టెస్ట్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రతినిధి. ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకు పని చేస్తోంది."

"నటిస్తున్నది ఎవరి దగ్గరో తెలుసా సార్?"

శ్రీరాములు కేథరిన్‌ను గుర్తుపట్టే కోడ్ మాట చెప్పాడు. కెమెరా దాచిన బొట్టుబిళ్ల ఒకటి, రేడియో పెన్ను ఒకటి ఇచ్చాడు. ప్రసన్న అనే కాంట్రాక్టు వర్కర్ ఇవాళ సెలవు. ఆమె కార్డు మీద ఝాన్సీ ఫొటో అప్పటికే అతికించి ఉంది.

*

బొట్టుబిళ్ల కెమెరా ప్లాంటు గేటు దాకా కూడా నిలవలేదు. జూన్ ఎండకు చెమట పట్టి ఊడి ఎక్కడో పడిపోయింది. దాన్ని తయారు చేసినవాడు జూన్ నెలలో మార్కాపురం మొహం చూసి ఉండడు.

లోపల చలి. టెస్ట్ మెషీన్లు బుసకొడుతున్నాయి. మెషీన్లోంచి వచ్చిన చిప్‌లను ట్రేలలో సర్దే బల్ల దగ్గర రంగనాయకమ్మ అనే పెద్దావిడ పక్కన ఝాన్సీకి చోటిచ్చారు. ఆవిడ చేస్తున్న పని చూసి ఝాన్సీ కళ్లు చిట్లించింది. సూపర్‌వైజర్ అటు తిరగ్గానే రంగనాయకమ్మ గ్లవ్ మణికట్టు దగ్గర కొంచెం వెనక్కి లాగి, చేతి వెనక భాగాన్ని ప్రతి చిప్‌కూ ఆనిస్తోంది, పసిపిల్లల నుదురు చూసినట్టు.

"ఏంది పెద్దమ్మా అది? చేత్తో ముట్టుకోకూడదంట గదా?"

"అలవాటు పాపా. ఇరవై రెండేండ్లు పలకల ఫ్యాక్టరీలో చేసినా. నెర్రె ఇచ్చిన పలకను ఏలితో కొట్టి, సప్పుడు ఇని చెప్పేదాన్ని. ఈ నల్లబిళ్లలు సప్పుడు చెయ్యవు. అందుకని ఏడి చూస్తన్నా."

"ఏడిలో ఏం తెలుస్తది?"

"తెలవకేంది? ప్రకాశరావు సార్ డూటీలో సల్లగా వస్తాయి. మహేంద్ర సార్ డూటీలో నిప్పు మాదిరి వస్తాయి. ఈయన డూటీలో మా ఊరికి కరెంటు గూడా సగం పోతది. మోటర్లు తిరగవు. జీవాలకు తొట్లో నీళ్లుండవు. ఈ బిళ్లలకేమో ఎంత కావాలంటే అంత!" ఆవిడ గొంతు పెరిగింది. తలుపు వైపు చూసి మళ్లీ తగ్గించింది. "సార్ ఇయ్యాల రాలేదేంది? ఒంట్లో బాగలేదా?"

ఝాన్సీ ట్రే మీదికి వంగింది. "తెలవదు పెద్దమ్మా. ఏడిగా వచ్చినవాటిని ఏం చేసేదానివి?"

"బాగలేని పలక మూలన బలపంతో చిన్న గీత పెడతాం. అట్లనే వీటికీ పెట్టినా. కొంగులో ఎప్పుడూ బలపం ముక్క ఉంటది నాకు."

చిప్‌లను గీకిందని టెస్ట్ మేనేజర్ మహేంద్ర ఆవిడను అందరి ముందూ తిట్టాడట. బుద్ధి లేదా, ఇదేమన్నా పలకల షెడ్డా అన్నాడట. స్పిరిట్ గుడ్డ చేతికిచ్చి, ఎదురుగా నిలబడి గీతలన్నీ తుడిపించాడట. తడి ఆరకముందే కవర్లలో పెట్టి సీలు వేయించాడట.

ఝాన్సీ ఆశ జారిపోయింది. "అయితే గీతలన్నీ పోయినట్టేనా?"

రంగనాయకమ్మ ఆమె మొహంలోకి వింతగా చూసింది. "నువ్వు పలక మీద దిద్దుకోలేదా పాపా? నీళ్లు పెట్టి తుడిస్తే తడి మీద నున్నగా కనపడతది. ఆరినాక గీత మళ్లీ లేస్తది. నేను గట్టిగా ఒత్తి గీసినా. ఆ సార్‌కు అది యాడ తెలుసు, బలపం పట్టిన చెయ్యా అది?"

రుజువు ఎక్కడో కాదు, ఆ ఇంజన్లోనే ఉంది.

*

"కంభం బండి పోయిందా?"

వెనక నుంచి ఆడగొంతు. ఖరీదైన సెంటు వాసన. తిరిగి చూస్తే కేథరిన్. పొడవాటి మనిషి, మబ్బురంగు పట్టుచీర, ఎంత చలిలోనైనా తీయని నల్లకళ్లద్దాలు. ప్లాంటులో సగం మంది ఆమెను చూడడానికే టైముకు డ్యూటీకి వస్తారని చెప్పుకుంటారు.

"పోయింది. గార్డు మిగిలినాడు," అంది ఝాన్సీ.

కోడ్ సరిపోయింది. కేథరిన్ ఆమెను వేడి గదిలోకి తీసుకెళ్లింది. చిప్‌లను నూట ఇరవై డిగ్రీల ఓవెన్లలో గంటల తరబడి ఉంచి చూసే గది అది. ఆ హోరులో మాటలు బయటికి పోవు.

"ట్రయల్ ఇంజన్లో పెట్టింది తుడిచిన లాటులోదే," అంది కేథరిన్. "మహేంద్రే ఏరి పంపాడు. ఫైలు మార్చిందీ అతనే. ఇది నేను చెప్పినట్టు రాసుకోండి. సాయంత్రం ఫ్లైటుకు నన్ను వదిలేయాలి."

"ఒక్క ప్రశ్న. ప్రకాశరావు ఇవాళ ఏ బండికి వెళ్తున్నాడో వాళ్లకు ఎవరు చెప్పారు?"

కేథరిన్ కళ్లద్దాలు తీసింది.

"నేనే. ఆపుతారనుకున్నాను. చంపుతారని నాకు చెప్పలేదు."

"మాకు మేమడిగింది చెప్పావు, వాళ్లకు వాళ్లడిగింది చెప్పావు. మధ్యలో మనిషి పోయాడు. నీకు ఫ్లైటు కావాలి!" ఝాన్సీ ఆమె చేతిని మెలితిప్పి బల్లకేసి అదిమింది. "సిగ్గు లేదూ?"

"నిదానం," అన్నాడు మహేంద్ర గుమ్మంలోంచి. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్. "ప్రసన్న సెలవులో ఉందని నాకు తెలుసు మేడం. మీ డిపార్ట్‌మెంటు కార్డులు బాగా చేస్తుంది, హాజరు పట్టీ చూసుకోదు."

అతని వెనక, ఓవెన్ కోసం ట్రేలు మోసుకొచ్చిన రంగనాయకమ్మను అతను చూడలేదు. ఆవిడలాంటి వాళ్లను చూసే అలవాటు అతనికి ఎప్పుడూ లేదు. చేతిలో ఉన్న ఇనప ట్రేల దొంతరను ఆవిడ అతని మోచేతి మీద దించింది. పిస్టల్ ఎగిరిపడింది. ఝాన్సీ ఒక్క అంగలో అందుకుని, అతని కుడిచేతిని తెరిచి ఉన్న ఓవెన్ పళ్లేనికి అదిమి పట్టుకుంది. మహేంద్ర కేక ఆ హోరులో కలిసిపోయింది.

"వేడిగా ఉందా? నువ్వు పాసయ్యావులే!"

మూడు వరకు లెక్కపెట్టి వదిలింది. అంతకంటే ఎక్కువసేపు పట్టుకోవాలనిపించింది. ఆ మాట తర్వాత రిపోర్టులో కూడా రాసింది.

ఇద్దరినీ కట్టేసి శ్రీరాములు మనుషులకు అప్పగించేసరికి మూడు దాటింది. అప్పుడు రంగనాయకమ్మకు చెప్పింది ఝాన్సీ, ప్రకాశరావు ఇక రాడని. ఆవిడ ఏడవలేదు. కింద పడి ఉన్న మహేంద్రను కాసేపు చూసి, కొంగులోంచి బలపం ముక్క తీసి, వంగి అతని నుదుటి మీద ఒక గీత పెట్టింది.

*

కేథరిన్ కారులో కంభం మీదుగా గిద్దలూరు. స్పీడోమీటరు నూట పదిహేను. చెవిలో శ్రీరాములు గొంతు.

"పైవాళ్లతో మాట్లాడాను. నోటిమాట కుదరదట, రాతపూర్వకంగా ఇవ్వాలట."

"రాజేష్?"

"డ్యూటీలో ఫోను ఆపేయాలి. రూలు."

"ట్రయల్లో వాళ్లేం చేస్తారు?"

"దిగువమెట్ట దాటాక వాలు మొదలయ్యే చోట పసుపు పోస్టు పాతారు. అక్కడి నుంచి రాజేష్ బ్రేకు ముట్టుకోకూడదు. మొత్తం చిప్పే చూసుకుంటుంది. ఏడు కిలోమీటర్ల వాలు, వంపులు, సొరంగం."

కంభం దాటాక ఒక గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. హారన్ కొడితే బెదిరి చెల్లాచెదురవుతాయని ఝాన్సీకి తెలుసు. ఇంజను ఆపి, దిగి, నాన్న దగ్గర నేర్చుకున్న కేక ఒకటి పెట్టి మందను ఒకే వైపుకు తిప్పింది. నిమిషంలో రోడ్డు ఖాళీ అయింది. ఆ నిమిషం కూడా ఆమెకు బరువే అనిపించింది.

గిద్దలూరు స్టేషన్లో పూలదండల ఇంజను కదిలిపోతోంది. మేళాలు మోగుతున్నాయి. ఝాన్సీ ప్లాట్‌ఫాం మీద పరిగెత్తి ఇంజను మెట్లు పట్టుకుని లోపలికి దూకింది.

"ఎవరమ్మా నువ్వు? దిగు!" రాజేష్ అరిచాడు.

ఆమె ఐడీ కార్డు తీయలేదు. పలక తీసింది.

రాజేష్ చూపు ఆ అక్షరాల మీద ఆగిపోయింది. ఆ రాతతోనే అతను ఎక్కాలు నేర్చుకున్నాడు.

"ఇది నాయన రాత. పొద్దున వస్తానన్నాడు, రాలేదు. నాయన యాడ?"

అబద్ధం చెప్పమని ఆర్డర్ ఉంది. ఝాన్సీ ఆ ఆర్డర్‌ను కిటికీలోంచి బయటికి గిరాటేసింది.

"లేడు తమ్ముడూ. పొద్దున ఏడుంబావుకే పోయినాడు. నీకు ఈ మాట చెప్పనీకొచ్చి, టీలో విషం పెడితే ప్లాట్‌ఫాం మీదనే పోయినాడు. నీ బ్రేకులో పెట్టిన చిప్ కాలిపోయిందని చెప్పనీకొచ్చినాడు."

రాజేష్ నమ్మలేక మళ్లీ మళ్లీ అడిగాడు, ఝాన్సీ మళ్లీ మళ్లీ చెప్పింది. దిగువమెట్ట స్టేషన్ వెనక్కి వెళ్లిపోయింది. వెనక బోగీల్లో తొంభై మంది చేతులూపుతున్నారు. రేడియోలో ఎవరో అధికారి అరుస్తున్నాడు: "పోస్టు వస్తోంది, చేతులు తీసెయ్, ఆటోలో పెట్టు!"

ఝాన్సీ అప్పటికే బ్రేకు యూనిట్ మీద వంగింది. నాలుగు స్క్రూలు. మొదటిది. రెండోది. రేడియో పెన్ను మొన ఆ రోజు మొదటిసారి పనికొచ్చింది. మూడోది. నాలుగోది బిగుసుకుపోయింది. గోరు విరిగింది. మూత లేచింది.

నల్లటి చిప్. మూలన, ఆరి తెల్లగా తేలిన చిన్న గీత.

"చూడు! కాలిన చిప్పే ఇది!"

రాజేష్ చూశాడు. బోర్డు మీద పచ్చలైటు వెలుగుతోంది. ఆటో బ్రేక్: ఓకే. పసుపు పోస్టు మూడు వందల గజాల్లో ఉంది. అతను ఆటో బ్రేకు టెస్ట్ బటన్ నొక్కాడు. పచ్చలైటు అలాగే వెలుగుతోంది. బండి వేగం ఇసుమంతైనా తగ్గలేదు.

"దొంగనాయాళ్లు!" అని ఏడుస్తూ, చిప్‌తో పనిలేని తన మామూలు బ్రేకును రెండు చేతులతో లాగాడు.

చక్రాలు కీచుమన్నాయి. బోగీల్లో మనుషులు ముందుకు తూలారు. ఇంజను మీది పూలదండలు తెగి పట్టాల మీద పడ్డాయి. బండి పసుపు పోస్టుకు ఒక మనిషి పొడవు ఇవతల ఆగింది. పోస్టుకు అవతల నల్లమల లోయ, దాని మీద సాయంత్రపు ఎండ.

"ఎందుకాపావు?" రేడియో గద్దించింది. "ఎవరి పర్మిషన్‌తో?"

రాజేష్ బ్రేకు హ్యాండిల్ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. పలకను గుండెకు హత్తుకున్నాడు.

"మా నాయన పర్మిషన్‌తో," అన్నాడు.

*

పదకొండో రోజు.

మార్కాపురంలో ప్రకాశరావు ఇంటి వరండాలో ఝాన్సీ కూర్చుంది. పక్కన రంగనాయకమ్మ. టీ పోసినవాణ్ని నంద్యాలలో పట్టుకున్నారు. గీత ఉన్న చిప్‌లు మూడు వందల పన్నెండు తేలాయి, అన్నీ సుత్తి కిందికి పోయాయి. ప్లాంటులో ఇప్పుడు ప్రకాశరావు ఫైలే నడుస్తోంది. రంగనాయకమ్మ ఊళ్లో మోటర్లు తిరుగుతున్నాయి.

గేటు దగ్గర పోస్ట్‌మ్యాన్ సైకిలు ఆగింది. ప్రకాశరావు పేరు మీద రిజిస్టర్డ్ కవరు, ఢిల్లీ నుంచి. రాజేష్ చించి చదివాడు. ఒకసారి చదివి, నమ్మలేక మళ్లీ పైకి చదివాడు.

"జనవరి నెలలో తమరు రాసిన లేఖ పరిశీలనలో ఉన్నది. పరీక్షలో విద్యుత్ వినియోగం తగ్గింపు గురించి తమరు స్వయంగా హాజరై వివరించగలరు."

ఝాన్సీ లేచి నిలబడింది. మనిషిని చంపినవాణ్ని పట్టుకోవచ్చు. ఈ కాగితం రాసినవాణ్ని ఏ సెక్షన్ కింద పట్టుకోవాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

రంగనాయకమ్మ ఆ ఉత్తరాన్ని తీసుకుంది. ఆవిడకు చదవడం రాదు. అలవాటు ప్రకారం చేతి వెనక భాగాన్ని దాని మీద ఆనించి చూసింది.

"సల్లగా ఉండాది నాయనా," అని తిరిగి ఇచ్చింది. "రాసినోళ్లకు ఏమీ కాలినట్టు లేదు."